పీత కన్నాలు లెక్కపెట్టిన క్లాసు

నేను రిటైరయ్యాక నా పనిలోకి ఇద్దరు కొత్తవాళ్ళు వచ్చారు. ఒకమ్మాయి, ఒకబ్బాయి. ఇద్దరూ నాకంటే బాగా చదువుకున్నవాళ్ళు. "మేడం, ఇన్నేళ్ళు మీరేం చేశారో కాస్త రాసివ్వండి, మాకు పనికొస్తుంది" అని అడిగారు. ఏ నెలలో ఏ స్కూలు రావాలి, ఎన్ని పడవలు కావాలి, ఎవరి సంతకం కావాలి అన్నవన్నీ ఆఫీసు ఫైళ్ళలో ఉన్నాయి. వాటి జోలికి పోను. మిగిలినదే రాస్తాను. రాయాలని కూర్చోగానే కాళ్ళకు బురద అంటినట్టే ఉంది, చెప్పొద్దూ!

నా పేరు సుగుణ. అమలాపురంలో పదకొండేళ్ళు బయాలజీ చెప్పాను. మా నాన్నగారూ టీచరే, తాతగారూ టీచరే. నల్లబల్ల ముందు నిలబడి చెప్పడం మా ఇంట్లో అందరికీ వచ్చు. ఆ తర్వాత పద్దెనిమిదేళ్ళు గోదావరి పాయ సముద్రంలో కలిసే మొగ దగ్గర, మడ అడవుల రక్షిత ప్రాంతంలో, స్కూలు పిల్లలకు ప్రకృతి పాఠాలు తయారుచేసే ఉద్యోగం చేశాను. ఆ బల్ల ముందు నిలబడే అలవాటు పోగొట్టుకోవడానికే నాకు మొదటి ఏడాదంతా సరిపోయింది.

మొదటి బ్యాచ్

కొత్తపేట వైపునుంచి ఒక హైస్కూలు పిల్లలు వచ్చారు. ఎనిమిదో తరగతి. పుట్టిన దగ్గర్నుంచి కొబ్బరితోటలు, అరటితోటలు చూసినవాళ్ళే గాని మడ అడవి ఎలా ఉంటుందో తెలియనివాళ్ళు. నేను రాత్రింబవళ్ళు కూర్చుని బొమ్మలు గీయించాను. నల్లమడ, తెల్లమడ, తిల్ల, పొన్న, ఒక్కొక్క చెట్టుకి ఒక్కొక్క చార్టు. మీటింగు హాల్లో పిల్లల్ని వరసగా కూర్చోబెట్టి మొదలుపెట్టాను. పావుగంటకి వెనక వరస పిల్లలు ఒకళ్ళ జడ ఒకళ్ళు కుర్చీకి కట్టుకుంటున్నారు. అరగంటకి వాళ్ళ సైన్సు మాస్టారే ఆవలించారు.

సరే, ఇంక పడవెక్కించేద్దాం అని రేవుకి తీసుకెళ్ళాను. అక్కడ ఒక పిల్ల చెప్పు బురదలో దిగబడిపోయింది. మా పడవ నడిపే పోలయ్యగారు, అరవై దాటిన మనిషి, పుట్టింది పెరిగింది ఆ పాయలోనే, చెప్పు కోసం మోచెయ్యి దాకా చెయ్యి దించారు. పైకి తీసేసరికి చేతిలో చెప్పు లేదు. అరచేతి కంటే పెద్ద మండపీత ఉంది! కత్తెరల్లాంటి డెక్కలు ఆడిస్తోంది!

నలభైమంది పిల్లలు ఒక్కసారి అరిచారు. తర్వాత నలభైమందీ ఒక్కసారి ముందుకు దూకారు. "ఇది కరుస్తాదాండీ?" "దీని ఇల్లు ఎంత లోతుంటదండీ?" "నీళ్ళొచ్చినప్పుడు తలుపేసుకుంటదాండీ?" పోలయ్యగారు ఒక్కొక్కదానికీ "ఆయ్" అంటూ జవాబు చెబుతున్నారు. పీత తలుపేసుకుంటుందని నాకూ తెలియదు. కొన్ని రకాలు సముద్రం నీళ్ళు పైకి తోసుకొచ్చే పోటు వచ్చే ముందు నిజంగానే కన్నానికి బురద ఉండ అడ్డం పెట్టుకుంటాయి. ఆ సంగతి నేనూ పిల్లలతోపాటే అక్కడ నిలబడి నేర్చుకున్నాను.

ఆ సాయంత్రం చార్టులన్నీ చుట్టి అటక మీద పెట్టేశాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, సంతోషంతో! కొత్తగా చేరేవాళ్ళకి నా మొదటి మాట ఇదే. ముందు పిల్లల కాలు బురదలో పడనివ్వండి. చెట్టు పేరు, పీత పేరు వాళ్ళే అడుగుతారు. అడిగినప్పుడు చెబితే జన్మలో మర్చిపోరు.

మూర్తిగారు

మా రేంజరు మూర్తిగారి గురించి చెప్పకుండా ముందుకు వెళ్ళలేను. ఆయనకి బ్యానర్లంటే ఇష్టం. పిల్లలు వరసగా నిలబడి చెయ్యి చాపి ప్రతిజ్ఞ చేయాలి, ర్యాలీ తీయాలి, ఫొటో దిగాలి. "సుగుణగారూ, బురదలో దిగిన పిల్లలు ఫొటోలో బాగోరండీ" అనేవారు. నాకు ఒళ్ళు మండేది. ఒక్క ప్రతిజ్ఞ వల్ల ఒక్క పిల్లా మారడం నేను చూడలేదు. ఈ మాట అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను.

కాని ఆయన నేర్పింది కూడా ఉంది. కొత్త దారిలో పిల్లల్ని తీసుకెళతానంటే, ముందురోజు అదే వేళకి నన్ను ఆ దారిలో నడిపించేవారు. "మీరు ఒకసారి జారి పడి లేవండి. తర్వాత పిల్లల్ని తీసుకెళుదురుగాని" అనేవారు. పద్దెనిమిదేళ్ళలో మా దగ్గర ఒక్క పిల్లకీ కాలు విరగలేదు. దానికి కారణం ఆయనే. నేను చేరడానికి చాలా ముందే, ఆయన హయాంలోనే, ఆఫీసు నుంచి ఎత్తయిన మంచె దాకా ఒక మట్టిగట్టు వేయించారు. మూడో తరగతి పిల్లలు, మోకాళ్ళ నొప్పుల మామ్మలు కూడా కాళ్ళకు బురద అంటకుండా నడిచి వెళ్ళి, మంచె ఎక్కి సముద్రం దాకా ఉన్న పచ్చదనమంతా చూసేవారు. ఆ గట్టంటే ఆయనకి ప్రాణం.

ఆ గట్టు పక్కనే, సగం దూరంలో, ఒక ఎకరం మేర నల్లమడ చెట్లు నిలువునా ఎండిపోయి ఉండేవి. ఆకు లేదు, బెరడు లేదు. ఎముకల్లా తెల్లగా నిలబడి ఉండేవి. ప్రతి బ్యాచ్‌నీ నేను అక్కడ ఆపేదాన్ని. "చూశారా, రొయ్యల చెరువుల నీళ్ళు ఈ అడవిని ఏం చేశాయో!" అని చెప్పేదాన్ని. పిల్లలు నిశ్శబ్దంగా చూసేవారు. నా పాఠాలన్నిట్లో అదే గొప్ప ఘట్టమని నాకు ఒక గర్వం.

కోర్టు ఆట

నేను చేసిన పెద్ద తప్పు ఇక్కడ మొదలైంది.

ఆరో ఏట ఒక ఆట తయారుచేశాను. పిల్లలే జడ్జీ, పిల్లలే లాయర్లు. ఎండిన చెట్టు ఫిర్యాదు చేస్తుంది, పీత సాక్ష్యం చెబుతుంది, రొయ్యల చెరువు యజమాని బోనులో నిలబడతాడు. ఎంత ఉషారుగా ఆడేవారో! ఏ స్కూలు వచ్చినా ఆ ఆటే కావాలనేవారు.

ఒకసారి మాకు దగ్గరలోనే ఉన్న ఊరినుంచి తొమ్మిదో తరగతి పిల్లలు వచ్చారు. ఆ ఊళ్ళో రొయ్యల చెరువులు చాలా ఉన్నాయి. చెరువు యజమాని వేషం ఎవరు వేస్తారు అని అడిగితే పిల్లలంతా ఒకే అమ్మాయిని ముందుకు తోశారు. "హారికండీ! వాళ్ళ నాన్నగారికి చెరువుందండీ!" సన్నగా, పొడుగ్గా ఉన్న పిల్ల. నవ్వుతూనే బోనులో నిలబడింది. పీత సాక్ష్యం అయ్యేసరికి నవ్వు పోయింది. చివర్లో క్లాసు మొత్తం చప్పట్లు కొడుతూ "దోషి! దోషి!" అని అరిచింది. ఆ పిల్ల నేలకేసి చూస్తోంది.

నేనేం చేశానో చెప్పనా? క్లాసు ఎంత బాగా వచ్చిందో అని మురిసిపోతూ ఫొటో తీశాను.

రెండు వారాల తర్వాత ఆ స్కూలు రెండో విడత రావాలి. వచ్చారు, హారిక రాలేదు. వాళ్ళ సైన్సు మాస్టారు నన్ను పక్కకి పిలిచారు. "ఆ పిల్ల స్కూలుకే సరిగ్గా రావట్లేదండి. ఇంట్లో తండ్రితో మాట్లాడటం మానేసిందంటండి. కంచంలో రొయ్యలు పెడితే లేచిపోతోందంట" అన్నారు.

ఆ మర్నాడే వాళ్ళ ఊరు బయలుదేరాను.

చెరువు గట్టు మీద

హారిక తండ్రి పేరు శ్రీనివాస్. కువైట్‌లో పన్నెండేళ్ళు డ్రైవరుగా చేసి వచ్చి, ఉన్న పొలంలో చెరువు తవ్వించుకున్నాడు. నేను వెళ్ళేసరికి గట్టు మీద ఉన్నాడు. నన్ను చూసి తువ్వాలు దులిపి కుర్చీ వేశాడు. మా కోనసీమ మనిషికి కోపం వచ్చినా మర్యాద తగ్గదు.

"రండి మేడంగారూ, కూర్చోండి. ఎండనపడి వచ్చేరు."

కొబ్బరిబొండం కొట్టి చేతికిచ్చాడు. నేను తాగేదాకా ఆగి, అప్పుడన్నాడు.

"మా పాపకి నేను దోషినని మీరు చెప్పేరంట గదండీ."

"ఆట అండీ అది..." అన్నాను.

"ఆటేనండి. కాని దానికి నేనొక్కణ్ణే తండ్రినండి. చిన్నప్పుడు నేను ఎదట లేను. ఫోనులోనే పెరిగింది. ఇప్పుడు పక్కనే ఉన్నా మాటాడట్లేదు. నేను తప్పు చేస్తంటే చెప్పండి, వింటాను. ఒక్క మాట అడగొచ్చాండీ? మీరు ఎప్పుడైనా రొయ్యల చెరువు గట్టెక్కి చూసేరా?"

చూడలేదు. ఆరేళ్ళపాటు ప్రతి వారం దాని గురించి పాఠం చెప్పిన మనిషిని, ఒక్కసారి కూడా చెరువు గట్టెక్కలేదు. అదే మాట ఆయనతో అన్నాను.

ఆయన లేచి చెరువంతా తిప్పి చూపించాడు. నీళ్ళలో గాలి ఆడించే చక్రాలు, మేత తింటున్నాయో లేదో చూసుకునే పళ్ళాలు, తెల్లవారుజామున రొయ్య పైకి తేలితే ఆయన గుండె ఎలా జారిపోతుందో అన్నీ చెప్పాడు. చివరికి నీళ్ళు బయటికి వదిలే కాలువ దగ్గరికి తీసుకెళ్ళాడు. దాచలేదు. "ఇదిగోనండి, ఇదెళ్ళి మీ పాయలోనే కలుస్తాది. ఎక్కడికి వదలమంటారు చెప్పండి" అన్నాడు.

హారిక ఇంటి అరుగు మీద కూర్చుని ఉంది. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను. "నిన్ను అలా నిలబెట్టడం నాదే తప్పమ్మా. క్షమించు" అన్నాను. టీచరు క్షమించమంటే ఏమనాలో తెలియక కాసేపు గోరు కొరుక్కుంది. తర్వాత తలెత్తి అడిగింది.

"ఆ చెట్లు మా చెరువు వల్లే ఎండిపోయాయని చెప్పేరు గదండీ. అది నిజమేనాండీ?"

"కొంత నిజం ఉండొచ్చమ్మా."

"కొంతంటే ఎంతండీ?"

ఎంత? ఆరేళ్ళలో నన్ను ఆ మాట అడిగినవాళ్ళు లేరు. నన్ను నేనూ ప్రశ్నించుకోలేదు.

"నాకు తెలీదమ్మా" అన్నాను. "కొలిచి చూద్దామా?"

హారిక తండ్రికేసి చూసింది. ఆయన తువ్వాలు భుజాన వేసుకుని మా దగ్గరికి వచ్చాడు. "కొలవండి. ఏం తేలినా నాకు చెప్పాలి మరి. దాచకూడదు" అన్నాడు.

తాడు చదరం

మా కార్యక్రమం మొత్తం మార్చేశాను. కోర్టు ఆట తీసేశాను. హారిక క్లాసు పిల్లలు ఇరవైమంది, పదిహేను రోజులకొకసారి, ఏడాదిపాటు రావాలి. చేయాల్సిన పని ఒక్కటే. కొబ్బరితాడుతో మీటరు పొడుగు, మీటరు వెడల్పు చదరం కట్టుకోవాలి. నీళ్ళు వెనక్కి పోయే పాటు సమయంలో బురద బయటపడగానే చదరం పరిచి, అందులో పీత కన్నాలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టాలి. మడ అడవి ఆరోగ్యం చెప్పడానికి పీతలు చాలు. బురదని తిరగేసి, వేళ్ళకి గాలి అందేలా చేసేవి అవే. ఇద్దరు విడివిడిగా లెక్కపెట్టాలి, లెక్క కలవకపోతే మొదట్నుంచి మళ్ళీ లెక్కపెట్టాలి. ఆ రూలు హారిక పెట్టింది.

మూడు చోట్లు ఎంచుకున్నాం. శ్రీనివాస్‌గారి కాలువ పాయలో కలిసే చోటు ఒకటి. చెరువులేవీ లేని వేరే పాయ ఒడ్డు ఇంకొకటి, అది పోలయ్యగారు చూపించారు. మూడోది గట్టు పక్కన ఎండిన చెట్ల కింద.

మొదటి రోజు ఎంత సందడో! మోకాలి లోతు బురదలో బోర్లా పడ్డవాళ్ళు, కన్నంలోంచి పీత కన్ను కనబడితే కెవ్వుమన్నవాళ్ళు, లెక్క మధ్యలో నవ్వొచ్చి మొదటికి వెళ్ళినవాళ్ళు. చెరువులు లేని పాయ ఒడ్డున కన్నాలు కిక్కిరిసి ఉన్నాయి. కాలువ కలిసే చోట అందులో సగం కూడా లేవు. హారిక ఆ అంకె పుస్తకంలో రాసుకుంది. ఎండిన చెట్ల కింద సున్నా. అక్కడ బురద కూడా లేదు. నేల బీటలు వారి, పైన ఉప్పు తెల్లగా పేరుకుని ఉంది.

"చూశారా" అనబోయాను. ఈసారి నోరు మూసుకున్నాను.

కాళ్ళు కడుక్కుందామంటే అక్కడ చుక్క నీళ్ళు లేవు. పిల్లలు గట్టెక్కి అవతల వైపు దిగారు. రెండు నిమిషాలకి హారిక కేక వినపడింది.

"మేడంగారూ! ఇటు రండి! ఇటంతా కన్నాలేనండీ!"

పరిగెత్తాను. గట్టుకి ఇటు బీటలు వారిన నేల. అటు, పది అడుగుల దూరంలో, మెత్తని నల్ల బురద, దాని నిండా కన్నాలు, ఒక డెక్క ఎర్రగా పెద్దగా ఉన్న బుల్లి పీతలు వందలకొద్దీ చేతులు ఊపుతున్నాయి! పైన చెట్లు పచ్చగా ఉన్నాయి. ఆ పచ్చదనం నేను రోజూ చూసిందే, ఎందుకని మాత్రం ఎప్పుడూ అనుకోలేదు.

హారిక రొప్పుతోంది. "మా చెరువు నీళ్ళు ఇటు కూడా వస్తాయి గదండీ. మరి ఇక్కడెందుకు బాగున్నాయండీ?"

అందరం గట్టు మీద నిలబడిపోయాం. గట్టుకి ఇటూ అటూ చూస్తున్నాం. పిల్లల్లో ఎవరో చిన్నగా అన్నారు, "గట్టేనండీ." ఇంకొకళ్ళు గట్టిగా, "పోటు నీళ్ళు గట్టు దాటట్లేదండీ!"

పోలయ్యగారు పడవ తాడు కట్టి వచ్చారు. "ఆయ్. గట్టు కింద తూము చిన్నదేసేరండి. అది కూడా ఎప్పుడో పూడిపోయింది. పోటు రాపోతే మడ ఎలా బతుకుతాదండీ?" అన్నారు.

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేంటండీ?" అన్నాను.

"చెప్పేనండి. తమరితోనే చెప్పేను. పిల్లల పేర్లు పిలుస్తన్నారు అప్పుడు. ఆయ్ అన్నారు."

నాకు గుర్తొచ్చింది. ఆయన పడవ తోస్తూ ఏదో అన్నారు, నేను హాజరు చూస్తూ తల ఊపాను. వినలేదు. మా వల్ల చచ్చిపోయిన చెట్లను చూపించి, ఆరేళ్ళపాటు ఊళ్ళోవాళ్ళని దోషులని చెప్పాను.

సిగ్గుపడ్డాను, నిజమే. దానితోపాటు గుండె దడదడలాడేంత ఆనందం కూడా. ఈ సంగతి కనిపెట్టింది ఏ పెద్ద ఆఫీసరూ కాదు. కొబ్బరితాడు ముక్క పట్టుకున్న తొమ్మిదో తరగతి పిల్లలు! ఆ మధ్యాహ్నం అన్నం కూడా సహించలేదు నాకు. పిల్లలూ తినలేదు. డబ్బాలు మూత తీయకుండానే వాదించుకుంటున్నారు.

బూట్లు విప్పిన రోజు

తొందరపడొద్దని, ఇంకో నాలుగుసార్లు లెక్కపెట్టించాను. ప్రతిసారీ అదే తేలింది. అప్పుడు పుస్తకం పట్టుకుని మూర్తిగారి గదిలోకి వెళ్ళాను.

ఆయన పేజీలు తిప్పారు. మొహం ఎర్రబడింది. "పిల్లల కాకిలెక్కలు పట్టుకొచ్చి నా గట్టు తవ్వమంటారాండీ? బయటికి తెలిస్తే ఏవవుతాదో తెలుసా? అడవిని కాపాడేవాళ్ళే అడవిని చంపేరంటారు. ఈ పుస్తకం ఇక్కడితో ఆపండి."

ఆపేస్తే ఏమవుతుంది? శ్రీనివాస్‌గారికి మాటిచ్చాను, ఏం తేలినా దాచనని. ఆ పిల్లలు ఇంకెప్పుడూ కొలత మీద నమ్మకం పెట్టుకోరు. ఉద్యోగానికి ఇబ్బంది రావచ్చు. వస్తే రానీ అనుకున్నాను.

"ఆపనండి" అన్నాను. "తప్పని మీరు తేల్చండి, అప్పుడు ఆపుతాను. శనివారం పొద్దున తొమ్మిదికి పాటు. మీరే వచ్చి లెక్కపెట్టండి."

ఆయన పుస్తకం నా వైపు తోసేశారు. శనివారం ఆయన వస్తారని నేను అనుకోలేదు. తొమ్మిదింటికి గట్టు మీద ఆయన నిలబడి ఉన్నారు. బూట్లు విప్పి, ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, గట్టు దిగారు. పిల్లలు ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. ఎండిన వైపు చదరం పరిచి చూశారు. సున్నా. పచ్చని వైపు చదరం పరిచి లెక్కపెట్టడం మొదలుపెట్టారు. ఇరవై దాటాక ఒక పీత ఆయన వేలు దగ్గరికి వచ్చింది, ఆయన చెయ్యి లాక్కున్నారు, లెక్క తప్పింది.

"ముప్పై అనుకుని రాసేసుకోండమ్మా" అన్నారు.

"కుదరదండీ" అంది హారిక. "మొదట్నించీ లెక్కపెట్టాలండి. అందరికీ అదే రూలండి."

ఆయన ఆ పిల్లకేసి చూశారు. నాకేసి చూశారు. వంగి, మొదట్నుంచి లెక్కపెట్టారు.

ఆ తర్వాత వచ్చి గట్టు మీద కూర్చున్నారు. కాళ్ళకి బురద ఆరిపోయింది. చివరికి నాతో అన్నారు. "ఈ గట్టుకి కొలతలు తీయించినప్పుడు నేను ఇక్కడే ఉన్నానండి. రెండు రోజులూ పొద్దున్నే వచ్చేం, పాటులో, పని తేలికవుతాదని. పోటులో ఒక్కసారి కూడా వచ్చి చూళ్ళేదండి."

తప్పు అలా ఒప్పుకున్న పెద్దలు నా ఉద్యోగంలో ఎక్కువమంది తగల్లేదు. ఆయన ప్రతిజ్ఞలన్నీ ఆ ఒక్క మాటకి మాఫీ చేసేశాను. పై ఆఫీసుకి తనే రాసి, తనే తిరిగి, గట్టు మూడు చోట్ల కోయించి పెద్ద తూములు వేయించారు.

తూములు తెరిచిన రోజు శ్రీనివాస్‌గారిని కూడా పిలిచాను. కూతురి పక్కన నిలబడ్డాడు. హారిక పుస్తకం తెరిచి ఆయనకి చూపించింది. "నాన్నా, ఈ చెట్లు మన వల్ల కాదు. కాని ఇదిగో, మన కాలువ దగ్గర తక్కువున్నాయి. ఇది మన వల్లే." రెండూ చెప్పింది. ఆయన ఆ అంకెకేసి చూసి, "ఊఁ" అన్నాడు. ఆ ఏడాదే చెరువు పక్కన ఒక గుంట తవ్వించి, మురుగునీళ్ళు అందులో తేరుకున్నాకే కాలువలోకి వదలడం మొదలుపెట్టాడు. ఆ ఊళ్ళో మిగతావాళ్ళు చాలామంది చెయ్యలేదు. ఆ కాలువ దగ్గర లెక్క ఇప్పటికీ తక్కువే. ఒక క్లాసుతో ఊరు మారిపోయిందని నేను చెబితే నమ్మకండి.

సున్నా తర్వాత

తూముల్లోంచి మొదటి పోటు వచ్చిన క్షణం మాత్రం చెప్పి తీరాలి. ముందు నురగ వచ్చింది. తర్వాత నాలుక చాపినట్టు సన్నటి నీటి పాయ, బీటల్లోకి దిగుతూ, బుడగలు తేలుస్తూ. పిల్లలు దాని ముందు వెనక్కి నడుస్తూ, "ఇక్కడిదాకా వచ్చింది! ఇదిగో ఇక్కడిదాకా!" అని అరుస్తున్నారు. మూర్తిగారు కూడా అరిచారు. నేనూ అరిచాను.

ఆ మరుసటి వారం లెక్కపెట్టారు. సున్నా. పదిహేను రోజులకి మళ్ళీ సున్నా. ఉప్పు కడుక్కుపోయింది, నేల మెత్తబడింది, పీత మాత్రం రాలేదు. పిల్లల మొహాలు వాడిపోయాయి. ఎప్పుడొస్తాయని నన్ను అడిగితే తెలీదనే చెప్పాను. పోలయ్యగారిని అడిగితే ఆయన కూడా "రావాలనుకుంటే వస్తాయమ్మా" అన్నారు. హారిక ప్రతిసారీ ఆ సున్నా శుభ్రంగా రాసి, తేదీ వేసి, కింద గీత గీసేది.

వానలు వెళ్ళాక ఒక పొద్దున, తాడు చదరంలో ఒక మూల చిన్న కన్నం కనిపించింది. చిటికెన వేలు పట్టేంత. "పీతదే!" అన్నారు కొందరు. "పుల్ల గుచ్చిన కన్నం అది" అన్నారు కొందరు. వాదన పెరిగింది. చెయ్యి పెట్టి చూద్దామని ఒకరంటే, పాడైపోతుందని ఇంకొకరు తోసేశారు. చివరికి హారిక బురదలో బోర్లా పడుకుని, గడ్డం చేతుల మీద పెట్టుకుని, "రాస్తే నిజమే రాయాలి. వచ్చేదాకా చూద్దాం" అంది. ఒక్కొక్కరే వచ్చి ఆ పిల్ల పక్కన బోర్లా పడుకున్నారు. యూనిఫారాలతో ఇరవైమంది. నేను కూడా పడుకున్నాను.

ఎవరూ కదల్లేదు. ఎండ వీపు మీదకి వచ్చింది. చీమ ఒకటి నా చెవి మీంచి నడిచి వెళ్ళింది.

కన్నం అంచున బురద ఒక గింజంత కదిలింది. ఆగింది. మళ్ళీ కదిలింది. రెండు కళ్ళు, పుల్లల చివర ఆవగింజలు పెట్టినట్టు, పైకి లేచి ఇరవై ఒక్క మొహాలకేసి చూశాయి.

హారిక పెన్సిలు తీసి, చప్పుడు చెయ్యకుండా, ఒకటి అని రాసింది.